రెక్కల కన్నా ముందు లెక్కలు

నమస్కారం. పోయిన నెల తిరుపతిలో ఒక నర్సింగ్ కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. మాటలన్నీ అయ్యాక వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడం, ఎయిర్ అంబులెన్స్‌లో నర్సుగా పోవాలంటే ఏం కోర్సు చెయ్యాలి?" అని అడిగింది. పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మంచి ప్రశ్నే అడిగింది, కాకపోతే దానికి నా జవాబు ఏ కోర్సు పేరుతోనూ మొదలవదు, మొగిలి ఘాట్‌లో మొదలవుతుంది.

అప్పటికి 108 ఇంకా రాలేదు. అది 2005 ఆగస్టు 15న మొదలైంది, నేను చెప్పేది దానికి ముందరి ఏడాది సంగతి. పలమనేరు వైపు ఒక చిన్న ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు బైకు మీద నుంచి పడిన కుర్రాడిని తెచ్చారు, ఇరవై రెండేళ్లుంటాయేమో, తలకు దెబ్బ, స్పృహ లేదు. డాక్టరుగారు గొంతులో ట్యూబు వేసి, "తిరుపతికి పంపించాలి, సిస్టర్, మీరు వెంట వెళ్లండి" అన్నారు. నేను గబగబా మందులు సర్దుకున్నాను, సెలైన్ బాటిళ్లు సర్దుకున్నాను, కాగితాలు సర్దుకున్నాను. డ్రైవర్ ఆక్సిజన్ సిలిండర్ గేజ్ వైపు చూసి "సగముంది సిస్టరమ్మా" అన్నాడు. "సగముంటే చాల్లే, పోనీ" అన్నాను.

సగముంటే చాల్లే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో మోగుతుంది.

బండి ఎక్కినప్పటి నుంచి ఒక చేత్తో ట్యూబు పట్టుకుని ఇంకో చేత్తో ఆంబు బ్యాగ్, అదే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, నొక్కుతూనే ఉన్నాను. అరగంట కూడా కాలేదు, మొగిలి ఘాట్‌లో బండి ఆగిపోయింది. ముందు టమాటా లారీ బోల్తా పడింది, రోడ్డంతా టమాటాలు, వాటి వెనక లారీలు, బస్సులు, కార్లు, ముందుకు పోను లేదు, వెనక్కి రాను లేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. అప్పుడు గేజ్ చూశాను, ముల్లు ఎర్ర గీతకు దగ్గరవుతోంది. ఆక్సిజన్ అయిపోయినా ఆంబు బ్యాగ్‌తో మామూలు గాలి పంపొచ్చు, నిజమే, కానీ తలకు దెబ్బ తగిలిన మనిషికి ఆక్సిజన్ తగ్గితే ఆ దెబ్బ మీద ఇంకో దెబ్బే. కుర్రాడి అమ్మ నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఆమెకు గేజ్ సంగతి తెలియదు, నా మొహం చూస్తోంది, అంతే.

డ్రైవర్ దిగి చీకట్లోకి పోయాడు. ఎంతసేపైందో చెప్పలేను, నాకైతే తెల్లారిపోయినట్టే అనిపించింది. చివరికి టమాటాలు తొక్కుకుంటూ, లారీల మధ్య సందుల్లోంచి, భుజం మీద సిలిండర్ మోసుకుంటూ వచ్చాడు. జామ్‌కు అవతల వేలూరులో పేషెంటును దించి వస్తున్న ఖాళీ అంబులెన్స్ ఒకటి ఇరుక్కుని ఉందట, దాని డ్రైవర్ ఇతనికి తెలిసినవాడేనట. సిలిండర్ దించి, రొప్పుతూ నా వైపు చూసి, "పలమనేర్లోనే లెక్క చూసుకోనుంటే నాకీ మోత తప్పేది గదమ్మా" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కుర్రాడు బతికాడు. బతికాడు కాబట్టే ఈ కథ మీకు ఇంత తేలిగ్గా చెప్పగలుగుతున్నాను.

ఇప్పుడు ఆ లెక్కేమిటో చూద్దాం. మన అంబులెన్సుల్లో ఎక్కువగా కనబడే బీ టైప్ సిలిండర్ నిండుగా ఉంటే గేజ్ 150 చూపిస్తుంది, లోపల దాదాపు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. అంటే గేజ్ మీది అంకె పక్కన ఒక సున్నా పెట్టుకుంటే చాలు, లీటర్లు వచ్చేస్తాయి. ఆ రోజు నా గేజ్ 75, అంటే 750 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెట్టాను. 75 నిమిషాలు! పలమనేరు నుంచి తిరుపతికి ఏ ఆటంకం లేకపోయినా రెండు గంటలు పడుతుంది. మూడో తరగతి భాగహారం, నేను చెయ్యలేదు. ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమం ఒకటే: ప్రయాణం ఎంతసేపో దానికి రెట్టింపు లెక్క కట్టాలి. ఎందుకు రెట్టింపంటే, మన దారిలో టమాటా లారీలుంటాయి, పలమనేరు అడవిలోంచి ఏనుగులు కూడా రోడ్డు మీదికొస్తాయి.

మరి విమానంలోనో? ఆకాశంలో సిలిండర్ అరువిచ్చేవాడు ఎవడూ ఎదురు రాడు. పైగా అక్కడ గాలి కూడా వేరేగా ప్రవర్తిస్తుంది. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్‌కు చిప్స్ పాకెట్ తీసుకెళ్లి చూశారా ఎప్పుడైనా? పైకి వెళ్లేసరికి దిండులా ఉబ్బుతుంది. ఆ కొండ నాలుగు వేల అడుగులు. విమానం లోపలి గాలి ఒత్తిడి ఒక్కోసారి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉండేంత తక్కువకు దిగుతుంది, అక్కడ మూసుకుపోయిన గాలి ఏదైనా మూడో వంతు దాకా ఉబ్బుతుంది. ఊపిరితిత్తి పక్కన చేరిన గాలి, పొట్టలో గాలి, గొంతు ట్యూబు చివర బుడగలోని గాలి, అన్నీ. అందుకే ఛాతీలో గాలి చేరిన పేషెంటుకు నేల మీద ఉండగానే ట్యూబు వేసి ఆ గాలి తీసేస్తారు. హెలికాప్టర్‌లో అయితే ఆ మోతకు స్టెతస్కోప్ పనికిరాదు, ఛాతీ లేస్తోందా లేదా కళ్లతో చూడాలి, మానిటర్ చూడాలి. ఏం జరగొచ్చో ఎక్కకముందే ఆలోచించి పెట్టుకోవాలి.

సరే, ఆ అమ్మాయికి దారి కూడా చెప్పాలి కదా. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, లేదా బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఆపైన నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. తర్వాత ఐసీయూలోనో క్యాజువాలిటీలోనో మూడు నుంచి అయిదేళ్లు గట్టిగా పనిచెయ్యాలి, దీనికి దొడ్డిదారి లేదు. గుండె ఆగిన మనిషిని కాపాడటం నేర్పే బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ శిక్షణ తీసుకోవాలి, ఆ కార్డులకు రెండేళ్లే గడువు. ఇంకా చదవాలంటే క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. ఐసీయూ మొహం చూడకుండానే ఎయిర్ అంబులెన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే మాత్రం నాకైతే నమ్మకం లేదు.

ఉద్యోగాలా? నిజం చెప్పాలంటే గాల్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ. రిషికేశ్ ఎయిమ్స్‌లో 2024లో హెలికాప్టర్ అంబులెన్స్ మొదలైంది, పెద్ద నగరాల్లో ప్రైవేటు కంపెనీలున్నాయి. మన తిరుపతికే గుండె మార్పిడి కోసం వేరే ఊళ్ల నుంచి గుండెలు రేణిగుంట విమానాశ్రయంలో దిగాయి. తీసిన గుండెకు ఉన్న గడువు నాలుగు గంటలో, కాస్త అటూ ఇటూనో. అక్కడా నిమిషాల లెక్కే. అయినా ముందు రోడ్డు మీద నేర్చుకోమంటాను. 108లో బండి నడిపేవాడినే పైలట్ అంటారు, తెలుసా మీకు? ఆ పైలట్‌తో కొన్నేళ్లు తిరిగినవాళ్లకు విమానం పైలట్‌తో పెద్ద ఇబ్బంది ఉండదు.

స్టూడియో బయటి నుంచి టైమైందని చెయ్యి ఊపుతున్నారు. పోయేముందు ఒక లెక్క. తిరుపతి నుంచి చెన్నైకి పేషెంటును తీసుకెళ్తున్నారు, మూడు గంటల దారి. బీ టైప్ సిలిండర్, గేజ్ 100 చూపిస్తోంది, నిమిషానికి 8 లీటర్లు పెట్టారు. రెట్టింపు నియమం గుర్తుందిగా, ఇంకా ఎన్ని నిండు సిలిండర్లు ఎక్కించాలి? తర్వాతి పాట అయ్యేలోపు చేసి చూడండి.