గురజాడ ఊరి నుంచి బెకెట్ గురించి

నమస్కారమండి. విజయనగరంలో గురజాడ వారి ఇంటి దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను. మాట్లాడేది మాత్రం ఐర్లాండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన నాటకకర్త శామ్యూల్ బెకెట్ గురించి. ఎందుకో మీకే తెలుస్తుంది.

1906లో డబ్లిన్ దగ్గర పుట్టారు. ట్రినిటీ కాలేజీలో చదివి, 1928లో పాఠాలు చెప్పడానికి పారిస్ వెళ్లారు. తర్వాత కొన్నేళ్లు అటూ ఇటూ తిరిగి, 1937లో అక్కడే ఉండిపోయారు. మరుసటి జనవరిలో, ముక్కూ మొహం తెలియని ఒకడు నడివీధిలో ఆయన్ని కత్తితో పొడిచాడు. గుండెకు కొద్దిలో తప్పింది. తర్వాత ఎదురుపడినప్పుడు ‘ఎందుకు పొడిచావు?’ అని అడిగారు. ‘తెలీదండీ, క్షమించండి’ అన్నాడు వాడు! బెకెట్ కేసు వద్దనేశారు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన ఐర్లాండ్‌లో ఉన్నారు. యుద్ధంలో లేని దేశం, హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు. అయినా పారిస్ తిరిగొచ్చి, నాజీలకు వ్యతిరేకంగా రహస్య దళంలో పనిచేశారు. 1942లో దళం బయటపడిపోయింది. భార్య కాబోయే సూజాన్‌తో దక్షిణాన ఒక పల్లెకు పారిపోయి, పొలం పనులు చేసుకుంటూ యుద్ధం ఎప్పుడు ముగుస్తుందా అని రెండేళ్లకు పైగా ఎదురుచూశారు.

బెకెట్ రాసిన ‘గోడో కోసం’ నాటకంలో నాకు ఆ రోజులే కనిపిస్తాయి. 1953 జనవరిలో పారిస్‌లో ఒక చిన్న థియేటర్‌లో ఆడారు. తెర లేచేసరికి ఒక చెట్టు, ఒక రోడ్డు. ఒకాయన కూర్చుని కాలి బూటు లాగుతుంటాడు. రాదు. ఆయాసపడి ఆగుతాడు, మళ్లీ లాగుతాడు. ఆయనా, ఆయన నేస్తమూ ఇద్దరూ గోడో అనే మనిషి కోసం చూస్తుంటారు. ఆ గోడో రాడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో వలస వెళ్లేవాళ్లు సంచుల మీద కూర్చుని, రైలు వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుకుంటారు చూడండి, నాకు అచ్చం ఆ మాటలే వినిపిస్తాయి.

దీన్ని ఆయన సొంత భాష ఇంగ్లిష్‌లో రాయలేదు, ఫ్రెంచ్‌లో రాశారు. ఫ్రెంచ్‌లో అయితే శైలి అనే అలంకారం లేకుండా రాయడం తేలికన్నారు. 1892లో ఇదే ఊళ్లో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ కోసం గురజాడ గ్రాంథికాన్ని పక్కన పెట్టారు. గురజాడ ఊరు వదల్లేదు, బెకెట్ ఊరూ భాషా రెండూ వదిలారు. ఇద్దరికీ కావలసింది మాత్రం నగలు తీసేసిన మాటే అని నా నమ్మకం.

1969లో బెకెట్‌కి నోబెల్ వచ్చింది, తీసుకోవడానికి ఆయన వెళ్లలేదు. 1989లో పారిస్‌లోనే పోయారు.

మొన్న ఆ బూటు సీన్‌ని మన యాసలో పైకి చదివి చూశాను. బూటు రాక, అలిసిపోయి ఆ మనిషి అనే మొదటి మాట ఇదీ: ‘ఏటీ సెయ్యలేం.’