ఆవు నోట్ల పై పండ్లు ఏవి?

[దేవరకద్ర అంగడి, పొద్దుగాల. ఒకాయన కోడె ముక్కుల్ల రెండు వేళ్లు బిగించి, ఇంకో చేత్తోటి కింది పెదవి దించుతున్నడు.]

నమస్తే. చూసిండ్రా? పట్టుమని మూడు సెకండ్లు గూడ చూడలే. "ఆరు పండ్లది" అన్నడు, పెదవి వదిలేసిండు. జరంత ఆగి ఇంకో మాట అడిగిండు: "మర్రిగూడ దిక్కుదా?" కోడెను తోలుకొచ్చినాయన మొకం మారిపోయింది. ఆ మాట సంగతి చివరికి చెప్త.

కింది పెదవే ఎందుకు దించిండు? పైన చూసేతందుకు ఏం లేదు గనుక. ఆవుకు, ఎద్దుకు, బర్రెకు, మేకకు, గొర్రెకు పై దవడ ముందట పండ్లు ఉండయి. రాలిపోయినయి కావు, పుట్టుకతోనే రావు. ఆ జాగల గట్టి చిగురు ఒకటి చెప్పు అట్ట లెక్క ఉంటది.

[గడ్డి మేస్తున్న ఆవు, మూతి దగ్గరి నుంచి. సప్పుడు మాత్రమే, మాట లేదు, ఐదు సెకండ్లు.]

ఆ పర్ పర్ సప్పుడు విన్నరా? గరుకు నాలుకతోటి గడ్డిని చుట్టి లోపలికి గుంజుతది, కింది ఎనిమిది పండ్లను పై చిగురుకు అదిమిపెడ్తది, తల ఒక్క ఊపు ఊపుతది. కోసినట్టు కాదు, తెంపినట్టు. అందుకే గొర్రె మేసినంత కురచగ ఆవు మెయ్యలేదు. ఆ ఎనిమిది పండ్లను వేలుతోటి కదిపితే కొంచెం ఊగుతయి. జబ్బనుకోకుండ్రి. గట్టిగ పాతుకొని ఉంటే రోజు అదుముడికి పై చిగురు పుండైతుండె.

అసలు మర వెనకాల ఉన్నది. కింద పన్నెండు, పైన పన్నెండు దవడ పండ్లు. ముందటియి కలిపితే 32, లెక్క మనకున్నంతే. చెయ్యి మాత్రం అక్కడిదాక పెట్టకుండ్రి.

[ఇసుర్రాయి. పక్కన ఆవు దవడ పన్ను.]

మా నాయనమ్మ ఇసుర్రాయి నున్నగైతే ఉలితోటి గంట్లు పెట్టిస్తుండె. ఆవుకు ఆ ఖర్చు లేదు. దవడ పన్ను మీద గట్టి పింగాణి పొర నెలవంకల లెక్క మడతలు పడి ఉంటది, నడుమ మెత్తటి భాగం ఉంటది. మెత్తది తొందరగ అరుగుతది, గట్టిది నిలబడ్తది. అరిగినకొద్ది గరుకే. పై దవడ కన్నా కింది దవడ ఇరుకు, రెండు దిక్కులా ఒకేసారి కలవయి. అందుకే ఒక దిక్కు పెట్టుకొని, దవడను పక్కకు తిప్పుకుంట నములుతది.

అయితే మేసేటప్పుడు నమిలేది తక్కువ, మింగేది ఎక్కువ. గడ్డిల పడ్డ మొలలు, తీగెముక్కలు గూడ అట్లనే లోపలికి పోతయి. రెండో పొట్టల ఆగుతయి, గుండె దానికి దగ్గరే.

[యాప చెట్టు కింద పండుకున్న ఆవు. మెడ మీద కెమెరా ఆపాలె.]

మెడను చూడుండ్రి. అదిగో, కింది నుంచి ఒక ముద్ద పైకి పోయింది. ఇప్పుడు లెక్కపెట్టుండ్రి, నలభై నుంచి అరవై సార్లు నములుతది. మింగుతది. కొన్ని సెకండ్లకు ఇంకో ముద్ద. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఇదే పని. పెద్ద పాడి ఆవైతే రోజుకు వంద లీటర్లు దాటి లాలాజలం ఊరుతది. దాంట్ల సోడా లాంటిది ఉంటది, పొట్ట పులవకుంట కాపాడ్తది. పెండ్లిల మిగిలిన బువ్వ పారెయ్యలేక గంపెడు పోస్తరు సూడుండ్రి, అది నమిలే పనుండదు, లాలాజలం ఊరదు, పొట్టల పులుపు పెరిగి ప్రాణం మీదికొస్తది. జొన్న చొప్పకు, వరిగడ్డికి ఆ భయం లేదు.

[మళ్ల అంగడి. అదే కోడె.]

ఇగ "ఆరు పండ్లది" అంటే ఏంది? దూడకు ముందట ఎనిమిది పాలపండ్లు ఉంటయి. రెండు, రెండున్నరేండ్లకు నడిమి జత ఊడి పెద్ద పండ్లు వస్తయి. ఆ తర్వాత జతకు జత, అటిటుగ నాలుగున్నర, ఐదేండ్లకు ఎనిమిది నిండుతయి. ఆరు పండ్లంటే నాలుగేండ్ల దగ్గరిది అన్నట్టు.

మరి మర్రిగూడ ఎందుకన్నడు? ఈ కోడె నోరు దగ్గరికి చూడుండ్రి. నడుమ ఆరు పెద్ద పండ్ల మీద అడ్డంగ గోధుమ రంగు చారలు, అక్కడక్కడ గుంతలు. చివర రెండు పాలపండ్లు మాత్రం తెల్లగ. ఫ్లోరైడ్. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు నీళ్లల్ల అది ఎక్కువని పేరు. పాలపండ్లు చాన మటుకు తల్లి కడుపులనే తయారైతయి, అక్కడికి ఫ్లోరైడ్ చేరేది తక్కువ. పెద్ద పండ్లు ఆర్నెల్ల నుంచి మూడేండ్ల దాక చిగురు లోపల తయారైతయి. అప్పుడు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుంటే పింగాణి సరిగ కట్టదు. అట్లాంటి పండ్లు తొందరగ అరుగుతయి, వయసు లెక్క గూడ తప్పుతది.

మా కొట్టంల అమ్రాబాద్ నుంచి తెచ్చిన పొడ తూర్పు జాతి ఎద్దు ఉంది. ఎనిమిది పండ్లు నిండినంకనే కొన్నం. ఇంటికి నల్లా నీళ్లు వస్తున్నయి గని తొట్టికి బోరే. ఆరేండ్లు ఆ నీళ్లే తాగింది, పండ్ల మీద ఒక్క మచ్చ లేదు. పండ్లు ముందే కట్టినయి గద, ఇగ ఫ్లోరైడ్ చేరేది ఎముకలకు. లేచేటప్పుడు మాత్రం ముందటి కాళ్లు బిగుసుకపోతున్నయి.