సైన్స్ క్లాసుకి ఇంటర్నెట్: ముందు టీచర్లతో చేయించాలి

శ్రోతలందరికీ నమస్కారం. స్కూల్లో సైన్స్ చెప్పే టీచర్లకి ఇంటర్నెట్ వాడకం మీద ఇచ్చే ట్రైనింగ్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఇదేదో టీచర్ల గొడవ, మనకెందుకులే అనుకోకండి, చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంటికీ సంబంధించిన విషయమే.

మామూలుగా ఈ ట్రైనింగులు ఎలా జరుగుతాయంటే, అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి, ప్రొజెక్టర్ మీద ఈ వెబ్‌సైట్ ఇలా ఓపెన్ చేయాలి, ఇక్కడ నొక్కితే వీడియో వస్తుంది, లింకులన్నీ గ్రూపులో పెడతాం చూస్కోండి అని చెప్పి సాయంత్రానికి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించేస్తారు. మర్నాడు టీచర్ క్లాసుకెళ్తే ఎదురుగా గది నిండా పిల్లలు, పీరియడ్ చూస్తే ముప్పావు గంట కూడా ఉండదు, సిలబస్సేమో వెనకబడి ఉంది, ఇంక ఆ లింకులు ఎవరు తెరుస్తారు? ఇందులో టీచర్లని అనడానికేం లేదు. వెబ్‌సైట్ చూపించారు గానీ దాంతో పాఠం ఎలా నడపాలో ఎవరూ చూపించలేదు. నన్నడిగితే ట్రైనింగ్‌లో మొదటి పని టీచర్లని పిల్లల స్థానంలో కూర్చోబెట్టి ఒక పాఠం మొత్తం చేయించడం. చెబితే సరిపోదు, వాళ్ల చేత్తో చేయించాలి.

ఒక ఉదాహరణ చెప్తాను, నాకు చాలా ఇష్టమైంది. సుమారు 2,200 ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే ఆయన ఈజిప్టులో ఉండి, రెండు ఊళ్లలో మధ్యాహ్నపు ఎండ పడే కోణంలో తేడా చూసి భూమి చుట్టుకొలత లెక్క కట్టాడు. ఇప్పుడు ఏ స్కూలైనా ఇది చేయొచ్చు, కావాల్సింది ఒక మీటరు కర్ర, ఒక టేపు, ఇంకో ఊళ్లో ఇదే పని చేసే ఇంకో స్కూలు. ఆ రెండో స్కూలుని వెతికి పట్టుకోడానికి, అదే రోజు కొలతలు ఇచ్చిపుచ్చుకోడానికి, మ్యాపు మీద దూరం చూడ్డానికి ఇంటర్నెట్ కావాలి. చూశారా, ఇక్కడ ఇంటర్నెట్ లేకపోతే ప్రయోగమే లేదు.

రెండూ ఉత్తరం దక్షిణంగా, దాదాపు ఒకే రేఖాంశం మీద, 555 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం, నీడ రెండు చోట్లా ఉత్తరం వైపే పడుతోంది. ఒక చోట మీటరు కర్ర నీడ 36.4 సెంటీమీటర్లు వచ్చింది, అంటే ఎండ నిట్టనిలువు నుంచి వాలిన కోణం 20 డిగ్రీలు. ఇంకోచోట 46.6 సెంటీమీటర్లు, అంటే 25 డిగ్రీలు. తేడా 5 డిగ్రీలు, అంటే ఈ రెండు ఊళ్ల మధ్య దూరం గుండ్రటి భూమి చుట్టులో 5 డిగ్రీల ముక్క అన్నమాట. 360లో 5 డిగ్రీలు 72 సార్లు పడతాయి కాబట్టి 555ని 72తో గుణిస్తే 39,960 కిలోమీటర్లు, అసలు విలువ సుమారు 40,000. కాయితం మీద ఇంత చక్కగా వస్తుంది గానీ నిజంగా చేస్తే రాదు, అసలు పాఠం మొదలయ్యేది అక్కడే. కర్ర కాస్త వంగి ఉంటుంది, నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది, నీడ కొస మసకమసగ్గా ఉండి ఎక్కడిదాకా కొలవాలో తెలీదు. ఒక్క సెంటీమీటర్ అటూ ఇటూ అయితే కోణంలో అర డిగ్రీ తేడా వస్తుంది, ఆ అర డిగ్రీకే మన భూమి దాదాపు 4,000 కిలోమీటర్లు చిక్కిపోతుంది లేదా అంతకన్నా ఎక్కువే లావెక్కుతుంది! పైగా గడియారం 12 కొట్టగానే కొలిస్తే కుదరదు, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణం పట్టుకోవాలి, అది చాలా చోట్ల 12కి రాదు. ఎందుకు రాదు అని పిల్లలు అడుగుతారు. టీచర్ ట్రైనింగ్‌లోనే ఎండలో నిలబడి ఈ తిప్పలన్నీ ఒకసారి పడి ఉంటే ఆ ప్రశ్నకి కంగారు పడరు, సంతోషిస్తారు.

ఇంక సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద చేసి చూసే ప్రయోగాలు. ఫెట్ అని ఒకటుంది, అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లది, ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు, ఉచితం, చాలావరకు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. అందులో వైర్లు, బల్బులు, బ్యాటరీలు కలిపి సర్క్యూట్ కట్టొచ్చు. కానీ వాడే పద్ధతి ముఖ్యం. స్విచ్ నొక్కకముందే ఆపి, రెండో బల్బు కూడా ఇదే వరసలో కలిపితే మొదటి దాని వెలుగు పెరుగుతుందా తగ్గుతుందా అని ప్రతి పిల్లాడితో నోటుబుక్కులో రాయించాలి, ఆ తర్వాతే నొక్కాలి. ముందే రాసినవాడికి వచ్చే ఫలితం మీద ఆసక్తి ఉంటుంది, ఊరికే చూసినవాడికి అదో బొమ్మ. ఇంకో మాట, తెరమీద కనిపించేదంతా నిజం కాదని టీచర్ చెప్పాలి. సౌరకుటుంబం బొమ్మల్లో సూర్యుడూ భూమీ పక్కపక్కనే ఉంటాయి కదా, నిజమైన కొలతలో సూర్యుణ్ణి ఒక మీటరు బంతి చేస్తే భూమి 9 మిల్లీమీటర్ల గింజంత ఉండి 107 మీటర్ల దూరంలో ఉండాలి, ఆ తెర మీద ఎక్కడ పడుతుంది చెప్పండి? ఈ బొమ్మలో ఏది నిజం కాదు అని పిల్లల్నే వెతకమంటే అదే మంచి క్లాసు.

వెతకడం కూడా నేర్పాల్సిందే. చెట్ల మీద బతికే ఆక్టోపస్ అని 1998లో ఒకాయన కావాలనే ఒక బూటకపు వెబ్‌సైట్ పెట్టాడు, ఫోటోలతో సహా, చదివిన పిల్లలు చాలామంది నమ్మేశారు. ఆ పేజీనే ఎంతసేపు చూసినా అబద్ధమని తేలదు, ఎందుకంటే పేజీ బాగానే ఉంటుంది. దాన్ని అలా వదిలేసి ఇంకో ట్యాబ్ తెరిచి ఇది రాసిందెవరు, మిగతావాళ్లు దీని గురించి ఏమంటున్నారు అని చూడాలి, ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్లు చేసేదీ ఇదే. టీచర్లకి ఇది అలవాటవ్వాలంటే ట్రైనింగ్‌లో నాలుగైదు పేజీలిచ్చి మీరే తేల్చండి అనాలి.

చివరగా ట్రైనింగ్ పెట్టేవాళ్లని ఒకటి అడుగుతున్నా. ఒకే రోజుతో ముగించకండి. ఒక పాఠం తయారు చేయించి పంపండి, వాళ్లు క్లాసులో చెప్పాక మళ్లీ పిలవండి, వచ్చేటప్పుడు పిల్లల నోటుబుక్కులు నాలుగైదు తెమ్మనండి. ఆ రెండో రోజు స్పీచ్‌లేమీ వద్దు, నెట్ పోయినప్పుడు ఏం చేశారు, ఉన్న ఒక్క కంప్యూటర్‌తో క్లాసంతటినీ ఎలా నడిపారు, పిల్లలు ఎక్కడ తికమక పడ్డారు అని ఆ నోటుబుక్కులు ముందు పెట్టుకుని టీచర్లే ఒకరికొకరు చెప్పుకుంటారు. ఉంటాను మరి, నమస్కారం.