హైదరాబాద్ సొమ్ము, హద్రమౌత్ యుద్ధం: అరబ్ వంశాల పోరు, ఏడెన్ దౌత్యం – చర్చా కార్యక్రమం

సమన్వయకర్త: నమస్కారం. అరబ్బు దేశాల పోరాటాల మాట వచ్చినప్పుడల్లా మన ఆలోచన చమురు బావుల వైపే పోతుంది. ఈరోజు చర్చించబోయే యుద్ధానికి చమురుతో సంబంధం లేదు. దానికైన ఖర్చులో పెద్ద భాగం వెళ్లింది మన హైదరాబాద్ నుంచి. నేటి యెమెన్ తూర్పు భాగంలో ఉన్న హద్రమౌత్ కోసం 19వ శతాబ్దంలో ఖుఐతీ, కతీరీ వంశాలు దశాబ్దాల తరబడి పోరాడాయి. ఆ రెండు వంశాల నాయకులూ నిజాం కొలువులో జమాదారులుగా, అంటే అరబ్ సైనిక దళాల నాయకులుగా, పనిచేసినవారే. ఆ పోరులో యెమెన్ రేవు పట్టణమైన ఏడెన్‌లోని బ్రిటిష్ రెసిడెంటు, అంటే బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి, ఏం చేశాడన్నది నేటి విషయం. చర్చలో పాల్గొంటున్న చరిత్ర అధ్యాపకురాలికీ, దౌత్య వ్యవహారాల విశ్లేషకులకూ, హైదరాబాద్‌లోని బార్కస్‌లో పుట్టి పెరిగిన విశ్రాంత ఉపాధ్యాయులకూ స్వాగతం. మేడమ్, ఈ వైరం ఎక్కడ మొదలైంది?

చరిత్ర అధ్యాపకురాలు: నమస్కారమండీ. ఖుఐతీ అనగానే కువైట్ గుర్తుకు వచ్చే అవకాశం ఉంది గనుక ముందే చెప్పాలి, ఆ దేశానికీ వీరికీ సంబంధం లేదు. ఖుఐతీలు యాఫియీ తెగకు చెందినవారు. 16వ శతాబ్దంలో హద్రమౌత్‌ను ఏలిన కతీరీ సుల్తాను బద్ర్ బూ తువైరిక్, ఎదురు తిరిగిన తెగలను అణచడానికి యాఫియీ కొండల నుంచి సైనికులను జీతానికి రప్పించుకున్నాడు. వచ్చినవారు తిరిగి వెళ్లలేదు. కోటలు పట్టుకుని, ఊళ్లు పంచుకుని, చివరకు పిలిచిన వంశాన్నే మించిపోయారు. 19వ శతాబ్దం నాటికి హద్రమౌత్ లోయలో ఒక రాజు అంటూ లేడు. ఊరికొక కోట, కోటకొక నాయకుడు, ఇంటింటికీ తుపాకీ. వాన తక్కువ, సాగు తక్కువ కావడంతో మగపిల్లలు వలసపోయేవారు. జావాకు, సింగపూర్‌కు వెళ్లినవారు వ్యాపారాల్లో స్థిరపడితే, హైదరాబాద్‌కు వచ్చినవారు ఎక్కువగా ఆయుధం పట్టుకుని కొలువు చేశారు. అలా వచ్చినవాడే ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ. సామాన్యుడిగా వచ్చి, పెద్ద జమాదారై, 1865లో ఇక్కడే మరణించాడు. కతీరీ వంశానికి చెందిన గాలిబ్ బిన్ ముహ్సిన్ కూడా ఇక్కడ కొలువు చేసినవాడే. 1840లలో అతని పక్షం సైయూన్, తరీమ్ పట్టణాలను మళ్లీ స్వాధీనం చేసుకున్నప్పుడు కదిలిన సొమ్ము హైదరాబాద్‌లో గడించినదే.

సమన్వయకర్త: ఒక జమాదారు జీతంతో రాజ్యాన్ని కొనగలిగేంత సంపద ఎలా కూడింది?

చరిత్ర అధ్యాపకురాలు: జీతంతో కూడలేదు, వడ్డీతో కూడింది. ఈ సంగతి తెలుగువారికి మరింత వివరంగా తెలియాలని నా కోరిక. నిజాం ప్రభుత్వం అప్పుల్లో మునిగి ఉన్న ఆ కాలంలో అరబ్ జమాదారులు ప్రభుత్వానికీ, జాగీర్దారులకూ అప్పులిచ్చి, హామీగా తాలూకాలనే తమ చేతిలో పెట్టుకునేవారు. ఆ తాలూకాల్లో శిస్తు వసూలు చేసేది కూడా వారి మనుషులే. 1853లో దివాను అయిన మొదటి సాలార్ జంగ్ తొలి సంవత్సరాల్లో చేసిన పెద్ద పనుల్లో ఒకటి, అరబ్, పఠాన్ రుణదాతల చేతిలో చిక్కుకున్న తాలూకాలను విడిపించడం. అంటే హద్రమౌత్ తీరంలోని షిహ్ర్ కోట మీద పేలిన తుపాకీ మందులో మన పల్లెల రైతు కట్టిన శిస్తు కూడా కలిసి ఉంది. ఆ రైతుకు హద్రమౌత్ అనే చోటు ఒకటి ఉందని కూడా తెలియదు.

సమన్వయకర్త: మాస్టారూ, మీరు ఒక నాణెం తెచ్చారు. ప్రేక్షకులకు చూపిస్తారా?

విశ్రాంత ఉపాధ్యాయుడు: తప్పకుండా చూపిస్తానండీ. ఇది మా నానమ్మ మెడలో వేసుకున్న వెండి హారం నుంచి విడిపోయిన నాణెం. పైన ఈ కొక్కెం అతికించిన గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది. ఒకవైపు ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మ, రెండోవైపు రెండు తలల గద్ద ఉన్నాయి. దీని మీద 1780 అని ఉంది గానీ, ఇది ఆ ఏట ముద్రించినదని అనుకోకూడదు. రాణి పోయిన తరువాత కూడా అదే ఏడు వేసి ముద్రిస్తూనే వచ్చారు, ఎందుకంటే అరేబియాలో జనం ఈ నాణేన్ని తప్ప మరొకదాన్ని నమ్మేవారు కాదు. రాణి భుజం మీద నగలోని ముత్యాలు వేలితో తడిమి చూసుకుని పుచ్చుకునేవారని మా ఇంట్లో చెప్పేవారు. తెగల మధ్య సంధి కుదిరినా, హత్యకు పరిహారం కట్టినా, పట్టణం చేతులు మారినా లెక్క ఇందులోనే.

సమన్వయకర్త: పట్టణం చేతులు మారడం అన్నారు గనుక హద్రమౌత్ తీరంలోని రేవు పట్టణం ముకల్లా సంగతికి వద్దాం. విశ్లేషకులు గారూ, బ్రిటిష్‌వారు ఈ పోరులోకి ఎప్పుడు వచ్చారు?

దౌత్య విశ్లేషకుడు: తాము రాలేదనే వారు చాలాకాలం చెప్పుకున్నారు. 1839లో ఏడెన్‌ను పట్టుకున్న తరువాత వారికి కావలసింది ఓడలకు బొగ్గు, మంచినీరు, సముద్రమార్గంలో శాంతి. ఏడెన్ బొంబాయి ప్రెసిడెన్సీ కింద ఉండేది గనుక, లోపలి తెగల తగాదాల్లో తలదూర్చవద్దన్నది పైనుంచి వచ్చిన ఆదేశం. 1866లో గాలిబ్ బిన్ ముహ్సిన్ షిహ్ర్ రేవును పట్టుకున్నాడు. మరుసటి ఏడు ఖుఐతీలు ముకల్లాను నకీబు అనే బిరుదుతో ఏలుతున్న కసాదీ వంశస్థుడి సాయంతో అతణ్ణి వెళ్లగొట్టారు. ఆ దెబ్బతో కతీరీలు సముద్రతీరానికి శాశ్వతంగా దూరమయ్యారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడం, ఒట్టోమన్ సుల్తాను ఈ తీరం మీద హక్కు చెప్పుకోవడం వల్ల ఏడెన్ అధికారులు ఇక చూస్తూ ఊరుకోలేకపోయారు. అప్పుడు ఉత్తరాలు నడిచిన దారి గమనించండి. ఏడెన్ రెసిడెంటు బొంబాయికి రాస్తాడు, బొంబాయి కలకత్తాకు రాస్తుంది, కలకత్తా నుంచి హైదరాబాద్ రెసిడెంటుకు వస్తుంది, ఆయన సాలార్ జంగ్‌తో మాట్లాడతాడు, సాలార్ జంగ్ జమాదారులను పిలిపించి డబ్బు, మనుషులు, ఆయుధాలు పంపవద్దని చెబుతాడు. ఎర్ర సముద్రపు వాకిట్లో జరుగుతున్న పోరును మూసీ ఒడ్డున ఆపడానికి చేసిన ప్రయత్నమది. నా దృష్టిలో అది తెలివైన ప్రయత్నం, ఎందుకంటే యుద్ధానికి ఊపిరి ఇక్కడి నుంచే అందుతోంది.

చరిత్ర అధ్యాపకురాలు: తెలివైనదే గానీ, అందరికీ సమానంగా వర్తించలేదు. ఉమర్ కొడుకుల్లో అవద్ ఇక్కడ సుల్తాన్ నవాజ్ జంగ్ అనే బిరుదుతో కొలువులో ఉంటే, అబ్దుల్లా అక్కడ షిహ్ర్‌లో పాలన చూసుకునేవాడు. ఒక చేయి సంపాదనలో, ఒక చేయి కత్తి మీద ఉన్న కుటుంబానికి ఆంక్షలు పెద్దగా తగలవు. దెబ్బ తిన్నది ముకల్లా నకీబు. షిహ్ర్ యుద్ధంలో ఖుఐతీలతో కలిసి పోరాడినవాడి వారసుడి దగ్గరకే వారు బాకీ పత్రాలతో వచ్చారు. 1873లో కొత్తగా నకీబు అయిన ఉమర్ చేత రెండున్నర లక్షల రియాళ్లకు, అంటే మాస్టారు చూపిన మరియా థెరీసా నాణేలకు, ముకల్లాలో సగం అమ్మినట్టు ఒప్పందం రాయించారు. బలవంతంగా రాయించారని నకీబు, రాసిన మాట నిలబెట్టుకోలేదని ఖుఐతీలు వాదించారు. తరువాత ఎనిమిదేళ్లు ముట్టడులు, తాత్కాలిక సంధులు, ఏడెన్‌కు విన్నపాలు. చివరకు 1881లో ఏం జరిగిందో చూడండి. బ్రిటిష్ అధికారులు ముందుంచిన షరతులకు నకీబు ఒప్పుకోలేదు, వారి ఓడల అండతో ముకల్లా ఖుఐతీల పాలైంది, నకీబు తన మనుషులతో జంజిబార్‌కు వలస పోవలసి వచ్చింది. మరుసటి ఏడే, 1882లో, షిహ్ర్, ముకల్లాలను బ్రిటిష్‌వారికి తప్ప మరే రాజ్యానికీ అమ్మబోమని, తాకట్టు పెట్టబోమని అబ్దుల్లా సంతకం చేశాడు. అందుకు ప్రతిఫలంగా ఏటా 360 రియాళ్ల భత్యం. మధ్యవర్తి అనిపించుకున్నవాడు తీర్పు చెప్పిన వెంటనే గెలిచినవాడి చేత పత్రం రాయించుకుంటే దాన్ని మధ్యస్థత అనడం నా వల్ల కాదు.

దౌత్య విశ్లేషకుడు: మీ అభ్యంతరాన్ని కొట్టిపారేయను. అయితే అప్పటి అధికారుల ముందున్న ప్రశ్న న్యాయం ఎవరిది అన్నది కాదు, ఎవరైతే రేవును నిలుపుకుని, బయటి రాజ్యాలను రానివ్వకుండా ఉండగలరు అన్నది. అప్పుల్లో ఉన్న నకీబు తన రేవును ఎవరి చేతిలోనైనా పెట్టవచ్చన్న భయం వారికుంది. హైదరాబాద్ సంపద ఉన్న ఖుఐతీలకు ఆ అవసరం రాదని వారు లెక్క వేశారు. 1888లో సంరక్షణ ఒప్పందంతో ఆ లెక్క పూర్తయింది.

చరిత్ర అధ్యాపకురాలు: అదే నా బాధ. అప్పు తీర్చగలవాడు పాలకుడయ్యాడు. అక్కడి ప్రజలు ఎవరిని కోరుకుంటున్నారన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు.

సమన్వయకర్త: ముకల్లా పడిన తరువాత లోయలో శాంతి వచ్చిందా?

దౌత్య విశ్లేషకుడు: రాలేదు. తీరం ఖుఐతీలది, లోపల సైయూన్, తరీమ్ కతీరీలవి. 1918లో ఏడెన్‌లో ఇరువురి మధ్య ఒప్పందం కుదిరి, 1888 నాటి సంరక్షణ తమకూ వర్తిస్తుందని కతీరీలు అంగీకరించారు. కాగితం మీద వైరం ముగిసింది. తెగల పగలు మాత్రం అలాగే కొనసాగాయి. తన ఖర్జూర తోటకు పోవాలంటే పక్కింటి తుపాకీకి భయపడి, కందకం తవ్వుకుని అందులో వంగి నడిచిన మనుషులు ఆ లోయలో ఉన్నారు. ఇది మారింది 1937లో. హెరాల్డ్ ఇంగ్రామ్స్ అనే అధికారి, ఆయన భార్య డోరీన్ లోయంతా తిరిగి, తెగల పెద్దలతో మూడేళ్ల సంధికి సంతకాలు చేయించారు. సంతకాలు 1,300 దాటాయి. ఒక చిన్న దేశంలో సంధికి అన్ని సంతకాలు కావలసి వచ్చాయంటే, అక్కడ స్వతంత్రంగా యుద్ధం ప్రకటించగల పెద్దలు అంతమంది ఉన్నారన్నమాట.

విశ్రాంత ఉపాధ్యాయుడు: దాన్ని ఇంగ్రామ్స్ సంధి అని అంటారు గానీ, మా పెద్దల నోట ఎక్కువగా విన్న పేరు సయ్యద్ అబూబకర్ అల్ కాఫ్‌ది. ఆయన కుటుంబం సింగపూర్‌లో గడించిన ఆస్తిని ఆయన తరీమ్ నుంచి తీరానికి దారి వేయడానికీ, పగలు తీర్చడానికీ ఖర్చుపెట్టి చివరికి బీదవాడయ్యాడు. ఒక తెగ ఒప్పుకోకపోతే ఆ తెగకు చెల్లించవలసిన పరిహారం తానే ఇచ్చేవాడు. ఆయన సొమ్ము లేకుండా ఆ సంతకాలు పడేవి కావని నా నమ్మకం.

చరిత్ర అధ్యాపకురాలు: సొమ్ముతో పాటు బాంబు కూడా ఉంది. సంతకాలు మొదలవుతున్న రోజుల్లోనే, దారిలో దాడి చేసి జరిమానా కట్టని బిన్ యమానీ తెగ ఇళ్ల మీద ఏడెన్ నుంచి వచ్చిన విమానాలు బాంబులు వేశాయి. ముందుగా హెచ్చరించి ఖాళీ చేయించారన్నది నిజమే. అయినా ఆ పొగ మిగతా లోయ అంతటా కనబడింది. అదే ఏడు ఆగస్టులో, హైదరాబాద్‌లో చాలాకాలం గడిపిన ఖుఐతీ సుల్తాను సాలిహ్ బిన్ గాలిబ్, మతం, ఆచారం తప్ప తక్కిన అన్ని విషయాల్లో బ్రిటిష్ సలహాదారు మాట వినడానికి ఒప్పుకున్నాడు. తగాదా తీర్చడానికి వచ్చినవారు ఇంట్లోనే ఉండిపోయారు. 16వ శతాబ్దంలో యాఫియీలు చేసిన పనే ఇది.

సమన్వయకర్త: మాస్టారూ, 1948 తరువాత బార్కస్ ఏమైంది?

విశ్రాంత ఉపాధ్యాయుడు: బార్కస్ అంటేనే బ్యారక్స్, అరబ్ సైనికుల వసతి. పోలీసు చర్య తరువాత ఆ దళాలను రద్దుచేసి, చాలామందిని బొంబాయి నుంచి ఓడల్లో ఏడెన్‌కు పంపించారు. అందులో ఎందరో ఇక్కడే పుట్టినవారు, ఉర్దూ, తెలుగు మాట్లాడేవారు, హద్రమౌత్‌ను ఎన్నడూ చూడనివారు. వారు దిగేనాటికి ఆ దేశం కరువులో ఉంది. అంతకు ముందు 1943, 44లలో, జపాన్ జావాను, సింగపూర్‌ను ఆక్రమించడంతో అక్కడి నుంచి వచ్చే డబ్బు ఆగిపోయి ఒకసారి కరువు వచ్చింది. 1948, 49లలో మళ్లీ వచ్చింది. హైదరాబాద్ నుంచి ఏళ్ల తరబడి సొమ్ము అందుకున్న ఊళ్లకు ఈసారి హైదరాబాద్ నుంచి ఆకలిగొన్న మనుషులు చేరారు. మా తాతగారి తమ్ముడు ఆ ఓడ ఎక్కినవారిలో ఒకరు. మా నానమ్మ తన హారంలోని నాణేలను కొన్ని తెంపి ఆయన పంచె కొంగున కట్టి పంపించింది. ఈ ఒక్కటి ఊడి నేల మీద పడి, తరువాత దొరికింది.