కొత్త స్మోకర్: మాంసం పెట్టే ముందు ఒక రోజు ఉత్త నిప్పు

[తెర మీద: పెరట్లో సిమెంటు గచ్చు మీద కొత్త ఆఫ్‌సెట్ స్మోకర్. ఒక పక్క చిన్న ఫైర్‌బాక్స్, దాన్ని ఆనుకుని పీపా లాంటి పెద్ద గది, ఆ చివర పొగగొట్టం.]

నమస్కారం అండి. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వైపు ఇల్లు తీసుకుని, టెక్సస్ బార్బెక్యూ మీద మనసుపడి ఇలాంటి ఆఫ్‌సెట్ స్మోకర్, అంటే పక్క పెట్టెలో మంట పెట్టి ఆ పొగ, వేడితో మాంసాన్ని నెమ్మదిగా వండే పొయ్యి తెచ్చుకున్నవాళ్ల కోసం ఈ వీడియో. బిగించడం అయిపోయింది, బ్రిస్కెట్ (గొడ్డు ఛాతీ మాంసం) కూడా కొనేశారనుకుందాం. దాన్ని ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఇవాళ ఈ పొయ్యిలో మాంసం పెట్టం.

ఎందుకంటే, ఇనుము తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో నూనె లాంటిది పూస్తారు. వెల్డింగ్ చేసిన చోట ఇనుప రజను ఉంటుంది. బయటి రంగు ఇంకా గట్టిపడి ఉండదు. మొదటి మంటకు ఇవన్నీ కాలి వాసన వదులుతాయి. ఆ పొగ మాంసానికి పడితే ఏ మసాలా కాపాడలేదు. ఇంకో కారణం, లోపలి ఇనుముకు మనమే ఒక పూత పట్టించాలి. దాన్నే సీజనింగ్ అంటారు. కొత్త ఇనుప పెనాన్ని నూనె రాసి, కాల్చి, దోసెకు అలవాటు చేస్తాం చూడండి, ఇదీ అదే పని. కాకపోతే పెనం కాసేపటి పని, ఇది ఒక పూట పని.

[తెర మీద: జాలీలు బయటికి తీస్తున్న చేతులు. గది అడుగున అట్టముక్క.]

ముందు లోపల ఉన్నవన్నీ బయటికి తీయండి. అట్టలు, ప్లాస్టిక్ కవర్లు, తేమ పీల్చే చిన్న పొట్లాలు, జాలీ కింద అంటించిన స్టిక్కర్లు. స్టిక్కర్ జిగురు మిగిలితే మంటకు మాడి అక్కడే అతుక్కుంటుంది. జాలీలను వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. గది లోపల సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి, పొడిగుడ్డతో చివరిసారి తుడవండి. పైపు పెట్టి నీళ్లు కొట్టొద్దు. అతుకుల్లో దూరిన నీరు ఆరదు, తుప్పు అక్కడే మొదలవుతుంది.

తడి పూర్తిగా పోవడానికి ఫైర్‌బాక్స్‌లో గుప్పెడు బొగ్గులు వెలిగించి, మూత తెరిచి ఇరవై నిమిషాలు ఉంచండి. ఇనుము గోరువెచ్చగా ఉన్నప్పుడు నూనె పలచగా పాకుతుంది, తుడవడమూ తేలిక.

[తెర మీద: వంటగది గట్టు మీద నాలుగు నూనె సీసాలు.]

ఇప్పుడు నూనె సంగతి. పూత తయారయ్యేది నూనె ఎండిపోవడం వల్ల కాదు. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు నూనె కణాలు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొరగా మారతాయి. ఈ గుణం అసంతృప్త కొవ్వులు ఎక్కువున్న నూనెలదే. అందుకే రిఫైన్డ్ కనోలా నూనె బాగా పనికొస్తుంది. దాదాపు 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పొగలెత్తదు, చవక, ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. ఇకమీదట చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌వే. గ్రేప్‌సీడ్ నూనె కూడా మంచిదే. పల్లీ నూనె పని చేస్తుంది కానీ, మీ ఇంటికొచ్చే పిల్లల్లో ఎవరికైనా పల్లీ పడకపోతే ఇబ్బంది. కాబట్టి వద్దు.

నెయ్యి, కొబ్బరి నూనె చాలామంది అడుగుతారు. నెయ్యి వేడికి బాగానే తట్టుకుంటుంది, అది నిజమే. కానీ రెండింటిలోనూ సంతృప్త కొవ్వులు ఎక్కువ, సరిగ్గా గట్టిపడవు. వెన్నయితే అందులోని పాలపదార్థం మాడిపోతుంది. అవిసె నూనె గట్టి పొరే ఇస్తుంది, తర్వాత అదే పెళుసుగా మారి పెచ్చులూడుతుంది.

[తెర మీద: పొడిగుడ్డతో గది లోపలి గోడను తుడుస్తున్న చెయ్యి, దగ్గరగా.]

పావు కప్పు నూనెతో మొదలుపెట్టండి. నూలుపోగులు రాలని పాత గుడ్డతో గది గోడలు, మూత లోపలి భాగం, అడుగు, జాలీల రెండు వైపులా రాయండి. మొత్తం రాశాక ఇంకో పొడిగుడ్డ తీసుకుని, నూనె పొరపాటున పడిందేమో అన్నట్టు అంతా తుడిచేయండి. ఇనుము మెరవాలి, నూనె మాత్రం కంటికి కనిపించకూడదు. వేలితో గీస్తే చుక్క కదలకూడదు.

ఈ వీడియోలో ఒక్క మాటే గుర్తుంచుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోండి: పొర పలచగా ఉండాలి. సీజనింగ్ ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. నూనె ఎక్కువైతే పైభాగం గట్టిపడుతుంది, కింద పచ్చిగానే ఉండిపోతుంది. చల్లారాక చెయ్యి పెడితే బెల్లం పాకంలా అంటుకుంటుంది. మూత మీది నుంచి బొట్లు బొట్లుగా కారి, అక్కడే గోధుమరంగు చారలవుతాయి. కొన్నాళ్లకు ఆ చారలే పెచ్చులుగా మాంసం మీద రాలతాయి.

థర్మామీటర్ సూది, మూత చుట్టూ ఉండే సీలింగ్ పట్టీ, వీటికి నూనె తగలనీయొద్దు. ఫైర్‌బాక్స్ లోపల రాసినా ఫలితం ఉండదు, మొదటి మంటకే కాలిపోతుంది.

[తెర మీద: చిమ్నీ స్టార్టర్‌లో బొగ్గులు. కింద నలిపిన కాగితం.]

నిప్పు పెడదాం. లైటర్ ద్రవం పోయకండి, ఆ కిరోసిన్ వాసనను కొత్త ఇనుముకు పట్టించే రోజు కాదిది. చిమ్నీ స్టార్టర్, అంటే బొగ్గులు రాజేసే ఇనుప గొట్టం, దాని నిండా బొగ్గులు పోసి, కింద కాగితం వెలిగించండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో పైబొగ్గుల అంచులు బూడిదరంగుకు తిరుగుతాయి. అప్పుడు ఫైర్‌బాక్స్‌లో గుమ్మరించండి. పొగగొట్టం మూత పూర్తిగా తెరిచి ఉంచాలి, రోజంతా. మంటను గాలి లోపలికి వచ్చే దారి దగ్గరే సర్దుకోవాలి. పొగ బయటికి పోయే దారిని మూస్తే అది లోపలే తిరిగి, చేదు మసిగా గోడలకు పట్టేస్తుంది.

బొగ్గుల మీద మణికట్టు లావున్న ఎండు ఓక్ కట్టె ఒకటి పెట్టండి. సెంట్రల్ టెక్సస్ బార్బెక్యూలో వాడేది పోస్ట్ ఓక్ అనే రకం. హికరీ, పీకాన్ కూడా సరే. పైన్ లాంటి జిగురు కట్టెలు, రంగు వేసినవి, మందు పట్టించిన చెక్కలు పొయ్యి దగ్గరికే రానీయొద్దు. కట్టె ఎండినదేనా అంటే, రెండు కట్టెలను కొట్టి చూడండి. ఖంగుమంటే ఎండింది. దబ్ దబ్ అంటే పచ్చి ఉంది.

[తెర మీద: పొగగొట్టం. మొదట తెల్లటి దట్టమైన పొగ, తర్వాత పలచటి నీలి పొగ.]

మొదటి అరగంట 225 దగ్గర ఉంచండి. తర్వాత నెమ్మదిగా 325కి తీసుకెళ్లండి, అంటే సుమారు 163 సెల్సియస్. అక్కడ రెండున్నర, మూడు గంటలు. ముప్పావుగంటకో కట్టె పడుతుంది. ఒక్కసారిగా 450 దాటిస్తే ఫైర్‌బాక్స్ బయటి రంగు బుడగలు లేచి ఊడుతుంది. జాగ్రత్తగా చేసినా పలచటి రేకు స్మోకర్లలో ఫైర్‌బాక్స్ రంగు కొంత పోతుంది. కంగారు పడొద్దు. చల్లారుతూ ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడు ఊడిన చోట నూనెగుడ్డ తిప్పితే తుప్పు ఆగుతుంది.

తెల్లటి దట్టమైన పొగ పావుగంట దాటి వస్తుంటే నిప్పుకు గాలి చాలడం లేదు, లేదా కట్టె పచ్చిది. పొగ కావాలి కదా అని దాన్ని అలాగే వదిలేయకండి. కావలసింది కంటికి ఆనీ ఆనని నీలి పొగ. వేడి ఎక్కనంటోందా? బొగ్గుల జాలీ కింద బూడిద నిండిందేమో చూడండి, గాలి దారి మూసుకునేది అక్కడే.

ఈ మూడు గంటలూ ఊరికే కూర్చోవద్దు. ఒక సుద్దముక్క పట్టుకోండి. మూత అంచుల్లో, అతుకుల్లో ఎక్కడ పొగ కారుతోందో అక్కడ గీత పెట్టండి. చల్లారాక మూత దగ్గర వేడికి ఆగే సీలింగ్ పట్టీ అంటించుకోవచ్చు. ఫైర్‌బాక్స్ దగ్గర మాత్రం సిలికాన్ పేస్టు వాడొద్దు, అక్కడి వేడికి నిలవదు.

[తెర మీద: జాలీ మీద వరుసగా బ్రెడ్ ముక్కలు. ఫైర్‌బాక్స్ వైపువి నల్లగా, అవతలివి తెల్లగా.]

మూత మీది గుండ్రటి థర్మామీటర్‌ను నమ్మకండి. ఒక్కోసారి 50 డిగ్రీల తేడా చూపిస్తుంది. పైగా అది కొలిచేది మూత దగ్గరి వేడిని, మాంసం ఉండేది జాలీ మీద. జాలీ మీద పెట్టే ప్రోబ్ (తీగ ఉన్న సూది థర్మామీటర్) ఒకటి కొనుక్కోండి. మరుగుతున్న నీళ్లలో ముంచితే 212 చూపించాలి. చివరి అరగంటలో జాలీ అంతటా బ్రెడ్ ముక్కలు పరచి పావుగంట తర్వాత చూడండి. ఎక్కడ మాడింది, ఎక్కడ తెల్లగా ఉంది అన్నది మీ స్మోకర్ పటం. ఫోన్లో ఫోటో తీసి దాచుకోండి. ఆ బ్రెడ్ తినడానికి కాదు, పారేయండి.

తర్వాత గాలి దారి మూసి, మంట దానంతట అది ఆరిపోనివ్వండి. నీళ్లు చల్లొద్దు. మర్నాడు చూస్తే లోపలి గోడలు ముదురు గోధుమరంగులో, పొడిగా, కొద్దిగా మెరుస్తూ ఉండాలి. వేలికి జిగటగా తగిలితే కొత్తగా నూనె రాయకండి, ఇంకో గంటన్నర 350 దగ్గర కాల్చండి. అక్కడక్కడ వెలిసినట్టుంటే ఆ చోట్లకు పలచగా రాసి మళ్లీ కాల్చాలి.

కరెంటు స్మోకర్ ఉన్నవాళ్లకు పని తేలిక. 275 దగ్గర మూడు గంటలు, చివరి ముప్పావుగంటలో కాసిని చెక్కపేళ్లు. కాయిల్‌కు నూనె తగలకూడదు. పింగాణీ పూత ఉన్న గుండ్రటి స్మోకర్లకు నూనె అవసరం లేదు, ఒకసారి ఉత్తగా కాలిస్తే చాలు. పెల్లెట్ యంత్రాలకు, అంటే చెక్కపొడి గుళికలతో నడిచే స్మోకర్లకు, కంపెనీ పుస్తకంలో మొదటి మంట పద్ధతి ఉంటుంది, దాన్నే పాటించండి.

[తెర మీద: మూత ఉన్న ఇనుప డబ్బాలోకి బూడిద ఎత్తుతున్న దృశ్యం.]

ఇంటి గోడకు కనీసం పది అడుగుల దూరం. వాన వస్తోందని గరాజ్‌లోకి మాత్రం తోయొద్దు, తలుపు తెరిచి ఉన్నా సరే. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలోకే ఎత్తండి. చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పు మర్నాటికీ బతికే ఉండొచ్చు. ఫైర్‌బాక్స్‌లోనే వదిలేస్తే అది తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది, హ్యూస్టన్ ఉక్కలో మరీ త్వరగా.

మొదటి వంటకు బ్రిస్కెట్ వద్దు. మేక తొడ కూడా వద్దు, అందులో కొవ్వు తక్కువ, కొత్త చేతిలో ఎండిపోతుంది. తోలుతో ఉన్న కోడి లెగ్ క్వార్టర్లు (తొడతో కలిసిన కాళ్లు) పెట్టండి. ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించండి, పెరుగు వద్దు. పెరుగు తడికి తోలు రబ్బరులా సాగుతుంది. 275 దగ్గర గంటన్నర నుంచి రెండు గంటలు. లోపల 165 దాటితే తినొచ్చు, తొడ ముక్క 180 దగ్గర ఇంకా మెత్తగా ఉంటుంది. ఆ తోలు కొవ్వు కరిగి జాలీ మీద, అడుగున పడుతుంది. దాన్ని సబ్బుతో కడగొద్దు. వేడిగా ఉన్నప్పుడే జాలీని గీకి, అడుగున మడుగు కట్టిన కొవ్వును మాత్రం తీసేయండి.