పికప్‌లో ఎంత లోడు, ఎక్కడ లోడు

అందరికీ నమస్కారం. ఒంగోలు, పొదిలి, కందుకూరు, కావలి, నెల్లూరు వైపుల నుంచి వచ్చిన పికప్ ఓనర్లకు, డ్రైవర్ అన్నలకు, తమ్ముళ్లకు స్వాగతం.

లోడు సంగతి రాగానే మన దగ్గర మొదట వినిపించే మాట "బండి లాగుద్దిలే" అని. నిజమే, లాగుద్ది. ఇప్పటి డీజిల్ ఇంజన్లు ఆర్సీలో ఉన్న దానికన్నా చాలా ఎక్కువ వేసినా చదును రోడ్డు మీద లాగుతాయి. కానీ దానికి బిగించిన బ్రేకులు, టైర్లు, యాక్సిల్ (చక్రాలను మోసే ఇరుసు), స్టీరింగు అంత బరువుకు చేసినవి కావు. లాగేటప్పుడు ఆ తేడా తెలియదు. గేదె అడ్డమొచ్చి ఆపాల్సినప్పుడు, మలుపులో తిప్పాల్సినప్పుడు తెలుస్తుంది. అందుకే ఈ పూట మాట్లాడేదంతా బండి ఆగడం గురించి, తిరగడం గురించే.

ముందు ఆర్సీ తీసి చూడండి. ఖాళీ బండి బరువు ఒకటి, లోడుతో కలిపి ఉండాల్సిన బరువు ఒకటి రాసి ఉంటాయి. ఖాళీ బరువు 1,700 కిలోలు, మొత్తం 2,990 కిలోలు అనుకుందాం. తేడా 1,290. ఈ 1,290 అంతా సరుకే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవరు, క్లీనరు ఉండరు. ఇద్దరు మనుషులకు 140 కిలోలు తీసేయండి. కొన్నాక బిగించిన ఇనుప కేరియరు, ఎత్తు పెంచిన పక్క గేట్లు 70 కిలోలు ఉంటే అదీ తీసేయండి. మిగిలింది 1,080.

ఇప్పుడు దీన్ని మన సరుకుల్లోకి మార్చుకోండి. నెల్లూరు లెక్కలో పుట్టి వడ్లు 850 కిలోలు. అంటే ఈ బండికి పుట్టీపావు దాకా సరి, పుట్టిన్నర వేస్తే దాదాపు 200 కిలోలు ఎక్కువ. రొయ్యల మేత 25 కిలోల బస్తాలైతే 43. కనిగిరి వైపు తాగునీళ్లు తోలే 1,000 లీటర్ల ట్యాంకుకు నీళ్లే 1,000 కిలోలు, ట్యాంకు, మోటారు, పైపులు కలిపితే హద్దుకు వచ్చేసినట్టే. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలక 20 మిల్లీమీటర్ల మందానికి చదరపు అడుగు సుమారు ఐదున్నర కిలోలు. 190 చదరపు అడుగులు వేసేసరికి తొట్టి సగం ఖాళీగా కనపడుతుంది గానీ బరువు నిండిపోయింది. రాయి, ఇనుము, నీళ్లు, తడి ఇసుక లాంటి సరుకులకు కంటి లెక్క ఎప్పుడూ పనికిరాదు. కొత్త సరుకు తోలేటప్పుడు మొదటి ట్రిప్పుకు కాటా వేయించండి. వీలైతే మొత్తం బండితో పాటు వెనక చక్రాలను మాత్రమే కాటా మీద ఎక్కించి విడిగా ఒక తూకం తీయించండి. ఆ రెండో చీటీ విలువ ఎందుకో ఇప్పుడే చెబుతాను. జరిమానా సంగతి ఒక్క మాట: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు 2,000, ఎక్కువైన సరుకు దింపే ఖర్చు కూడా మనదే. దింపేదాకా బండి కదలనివ్వరు.

బరువు ఎంత అన్నది సగం సంగతి. ఎక్కడ పెట్టామన్నది మిగతా సగం, దీని గురించి మనవాళ్లు ఆలోచించేది చాలా తక్కువ. వెనక యాక్సిల్ దాటి, తొట్టి వెనక డోరు వైపు పెట్టిన ప్రతి కిలో ముందు చక్రాలను పైకి లేపుతుంది. ఏతం పని చేసే తీరే ఇది. ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం మూడు మీటర్లు అనుకోండి. వెనక యాక్సిల్‌కు మీటరు వెనగ్గా 300 కిలోలు పెడితే ముందు చక్రాల మీద 100 కిలోలు తగ్గుతాయి, వెనక యాక్సిల్ మీద 300 కాదు, 400 పడతాయి. వెనక టైర్లు ఎందుకు పేలాయో అర్థం కాని బండ్లలో చాలావాటికి కారణం ఇదే. మొత్తం తూకం సరిగ్గానే ఉంటుంది, వెనక యాక్సిల్ తూకం మాత్రం హద్దు దాటి ఉంటుంది. రెండో చీటీలో బయటపడేది అదే. ఇటు ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు గాలిలో తిప్పినట్టు ఉంటుంది, ముందు బ్రేకులు పట్టినా టైరుకు రోడ్డు మీద పట్టు చాలదు, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లల్లో కొడతాయి. స్టీరింగు తేలికైతే హాయిగా ఉందనుకోకండి, ఆపి లోడు ముందుకు జరపండి.

కాబట్టి బస్తాలను క్యాబిన్ వెనక గోడకు ఆనించి మొదలుపెట్టి వెనక్కి పేర్చుకుంటూ రావాలి. బరువైనవి అడుగున, తేలికైనవి పైన, ఎడమా కుడీ సమానం. రాయి, ఇనుము లాంటి చిన్న చోటులో పెద్ద బరువైతే వెనక యాక్సిల్‌కు కాస్త ముందు పెట్టి, క్యాబిన్ గోడకూ సరుకుకూ మధ్య ఖాళీలో చెక్క దిమ్మెలు బిగించండి. ఆ ఖాళీ వదిలేస్తే సడన్ బ్రేకుకు సరుకు ముందుకు పరుగెత్తి క్యాబిన్‌నే గుద్దుతుంది.

ఇక కమాన్ పట్టీల సంగతి, అంటే యాక్సిల్ మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు. లోడుకు బండి వెనక కుంగుతోందని ఇంకో రెండు పట్టీలు వేయించడం మన దగ్గర మామూలైపోయింది. పట్టీ వేస్తే కుంగడం తగ్గుతుంది. యాక్సిల్ బలం పెరగదు, టైరు బలం పెరగదు, బ్రేకు అసలే పెరగదు. పైగా ఇందులో కంటికి కనపడని ప్రమాదం ఉంది. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ దగ్గర చాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, ఒక వాల్వు ఉంటుంది, సన్నని కడ్డీతో యాక్సిల్‌కు కలిపి ఉంటుంది. బండి ఎంత కుంగితే లోడు అంత ఉందని లెక్కేసుకుని, వెనక బ్రేకులకు అంత ఎక్కువ ఒత్తిడి పంపడం దాని పని. అదనపు పట్టీలు వేసి కుంగకుండా చేశారంటే, పన్నెండు వందల కిలోలు ఉన్నా ఆ వాల్వు బండి ఖాళీ అనుకుంటుంది. వెనక బ్రేకులకు సరిపడా ఒత్తిడి వెళ్లదు, పని అంతా ముందు బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. కొందరు మెకానిక్కులు లీకు వచ్చిందని ఆ కడ్డీ ఊడదీసి కట్టేస్తారు, అదీ ఇంతే ప్రమాదం. ఈ వారంలోనే బండి కిందికి దూరి ఆ కడ్డీ ఉందో, వంగిందో, తుప్పు పట్టి బిగుసుకుందో చూసుకోండి. మన సముద్రపు గాలికి, రొయ్యల ఉప్పునీళ్లకు అది బిగుసుకుపోవడం తేలిక.

టైర్ల విషయంలో మూడు పనులు. తెల్లవారి బండి కదలకముందే గాలి చూడండి. డ్రైవరు డోరు పక్కన అంటించిన పట్టికలో లోడుకు ఎంతని ఉంటే అంత, సాధారణంగా వెనక టైర్లకు ముందువాటికంటే ఎక్కువ ఉంటుంది. గాలి తక్కువైన టైరు గోడ చక్రం తిరిగిన ప్రతిసారీ మడతపడి లోపల వేడెక్కుతుంది. మే నెల ఎండలో ఒంగోలు నుంచి నెల్లూరు దాకా జాతీయ రహదారి మీద ఆపకుండా వస్తే ఆ వేడే టైరును చీలుస్తుంది. మధ్యదారిలో గాలి ఎక్కువైందని వేడి టైరులోంచి తీయకూడదు, చల్లారాక అది తక్కువైపోతుంది. రెండోది, టైరు మీద లోడు అంకె చదవండి: 106 అంటే ఒక్క టైరు 950 కిలోలు మోస్తుంది. మూడోది, తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు. 2319 అంటే 2019లో 23వ వారం. టైరు పైన గుండ్లు అరగకుండా బాగా కనపడుతున్నా అంత పాత టైరును లోడు బండికి వెనక వేయకండి.

కట్టడం. పైనుంచి అడ్డంగా వేసిన తాడు సరుకును కిందికి అదుముతుంది, అంతే. ముందుకు జారకుండా పట్టుకోవాలంటే ముందు గోడ గానీ, దిమ్మెలు గానీ, వెనక్కి లాగి కట్టిన బెల్టు గానీ ఉండాలి. ఇంజనీర్లు వేసే లెక్క ఇది: సరుకు బరువులో 80 శాతం బలం ముందుకు, 50 శాతం పక్కలకు, వెనక్కి తోసినా కదలకూడదు. 1,000 కిలోలకు 800 కిలోల తోపు ఆపాలి, నైలాన్ తాడు ముడి మీద ఆ నమ్మకం పెట్టుకోలేం. పిడి ఆడించి బిగించే రాచెట్ బెల్టులు కొనండి, వాటి మీద రాసిన బలం చదవండి, పదునైన అంచు దగ్గర గోనెసంచి మడిచి పెట్టండి. బయల్దేరాక పదిహేను, ఇరవై కిలోమీటర్లకు ఆగి మళ్లీ బిగించండి. బస్తాలు కుదురుకుని ఏ బెల్టయినా వదులవుతుంది. గ్రానైటు పలకలు పడుకోబెట్టి తోలకూడదు. వాలు ఫ్రేము మీద నిలబెట్టి, రెండు వైపులా సమానంగా, మధ్యలో చెక్క పెట్టి కట్టాలి. విప్పేటప్పుడు పలక వాలే వైపు మనిషి నిలబడకూడదు. ఇనుప కడ్డీలు 12 మీటర్లు, మన తొట్టి తొమ్మిది, పది అడుగులు. కొట్టు దగ్గరే మడతపెట్టించుకోండి. చివర ఎర్రగుడ్డ కట్టినా బయటకు పొడుచుకొచ్చిన కడ్డీకి చట్టం ఒప్పుకోదు, వెనక వచ్చే మోటారు సైకిలు వాడికి రాత్రిపూట ఆ గుడ్డ కనపడదు.

నీళ్ల ట్యాంకులు, చేపపిల్లల ట్యాంకులు తోలేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నిండు ట్యాంకు కన్నా సగం ట్యాంకు ప్రమాదం. బ్రేకు వేస్తే నీళ్లు ముందుకు, మలుపులో పక్కకు ఒక్కసారిగా పోతాయి. లోపల అడ్డుపలకలు లేని ట్యాంకైతే నింపి తోలండి, లేదా ఖాళీ చేసి తోలండి.

వేగం. 60లో ఉన్న బండిని ఆపడానికి బ్రేకు మింగాల్సిన శక్తి కన్నా 80లో ఉన్నదానికి దాదాపు ఒకటీముప్పావు రెట్లు కావాలి. 80లో సెకనుకు 22 మీటర్లు పోతాం, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ముప్పై మీటర్లు దాటతాం. లోడుతో ముందు బండికి కనీసం నాలుగైదు సెకన్ల దూరం ఉంచండి. దోర్నాల నుంచి శ్రీశైలం, గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్లలో దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు కావాలో అదే గేరులో దిగండి, వాలు మొదలుకాకముందే ఆ గేరు వేయండి. బ్రేకు అదేపనిగా తొక్కి పట్టుకోకుండా, గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదలండి. డీజిల్ మిగులుద్దని న్యూట్రల్‌లో, ఇంజను ఆపి దిగితే పెడలు తొక్కడానికి బలమిచ్చే బ్రేకు బూస్టరు, పవర్ స్టీరింగు రెండూ పోతాయి. బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్-3 రకం బ్రేకు ఆయిలు కొత్తది మరిగేది 205 డిగ్రీల దగ్గర అయితే, తేమ పట్టినది 140కే మరుగుతుంది. మరిగితే పెడలు నేలకు తగులుతుంది. రెండేళ్లకొకసారి ఆయిలు మార్పించండి.

వెనక కట్టి లాగడం. మనకు ఎక్కువగా వచ్చేవి కాంక్రీటు మిక్సర్లు, రొయ్యల గుంటల దగ్గరికి తీసుకెళ్లే జనరేటర్లు. కొక్కెం బంపరుకు వెల్డింగు చేసినదైతే లాగకండి, చాసిస్‌కు బోల్టులతో బిగించినదే కావాలి. పిన్నుకు లాకు క్లిప్పు, దాని కింద అడ్డంగా రెండు గొలుసులు ఉండాలి. కొక్కెం మీద పడే బరువు ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 1,000 కిలోల జనరేటరుకు 100 నుంచి 150. బస్తాల కాటా మీద ట్రైలరు ముక్కు ఆనిస్తే తెలిసిపోతుంది. అంతకన్నా తక్కువైతే ట్రైలరు వెనక బరువై, పక్కన లారీ దాటిపోయినప్పుడు పాములా ఊగుతుంది. ఊగితే బ్రేకు తొక్కకండి, వేగం పెంచకండి, స్టీరింగు నిటారుగా పట్టి యాక్సిలరేటరు మాత్రం వదలండి. కొక్కెం మీద పడిన ఆ 150 కిలోలు పికప్ లోడులో భాగమే, అదీ వెనక యాక్సిల్ దాటి పడుతున్న బరువు, కాబట్టి తొట్టిలో సరుకు తగ్గించాలి. చెడిపోయిన బండిని తాడుతో లాగేటప్పుడు రెండు బండ్ల మధ్య ఐదు మీటర్లు మించకూడదు, వేగం 25 దాటకూడదు. వెనక బండిలో లైసెన్సు ఉన్న మనిషి, తాళం ఆన్‌లో. తాడు మధ్యలో ఒక దుప్పటి వేయండి, తెగితే కొరడాలా కొట్టకుండా ఉంటుంది. ఎవరూ ఆ తాడు దాటకూడదు.

సరుకు మీద కూలీలను ఎక్కించే సంగతి. నాట్లకు, మిరపకోతలకు, పొగాకు పనులకు ఆడవాళ్లను బస్తాల మీద, పక్క గేట్ల మీద కూర్చోబెట్టి తీసుకెళ్తున్నాం. దయచేసి ఆపండి. బండి తిరగబడితే మొదట కింద పడేది వాళ్లు, వాళ్ల మీద పడేది మన సరుకు. సరుకు బండిలో మనుషులుంటే ఇన్సూరెన్సు కంపెనీతో కోర్టులో ఏళ్ల తరబడి పోరాడాల్సింది ఆ కుటుంబాలే.

చివరగా దింపడం. రొయ్యల గుంట కట్ట మీద వానలకు అంచు మెత్తబడి ఉంటుంది, బయటి చక్రాన్ని అంచుకు కనీసం ఒక మీటరు లోపల ఉంచండి. హ్యాండ్ బ్రేకు, గేరు, చక్రం కింద రాయి, మూడూ వేశాకే తొట్టి డోరు తెరవండి. డోరు తెరవకముందు బస్తాలు దానికి ఆనుకుని ఉన్నాయేమో చూసి, పక్కన నిలబడి తెరవండి. డోరు దగ్గరివి ముందు, క్యాబిన్ దగ్గరివి చివర దింపండి. ముందువి మొదట తీసేస్తే మిగిలిన బరువంతా వెనక్కి పడి, ఎత్తు కట్ట మీద ముందు చక్రాలు తేలి బండి జారుతుంది. దింపాక బండి ఖాళీ అని వేగంగా తోలకండి, తేలికైన వెనక చక్రాలు తడి కట్ట మీద ముందే లాకవుతాయి.