ఇతరులు అనే గడిలో ఇరుళర్ల పేట

శ్రోతలకు నమస్కారం. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే దారిలో, వడనెమ్మేలి మొసళ్ల పార్కు ఆవరణలో, పాములు పట్టే ఇరుళర్లు అనే గిరిజనుల సహకార సంఘం ఉంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చి పాముతోళ్ల వ్యాపారం మూతపడ్డాక, 1978లో పెట్టుకున్న సంఘం అది. పాముకాటుకు వేసే సూదిమందుకు కావలసిన విషం అక్కడ తీస్తారు.

2011 లెక్కల్లో తమిళనాడు ఇరుళర్లు దాదాపు 1 లక్షా 90 వేల మంది. మన నెల్లూరు యానాదుల్లాగే వీళ్లూ చెరువుకట్టల వార, పొలాల అంచున ఇరవై ముప్ఫై గడపల పేటలుగా ఉంటారు. అలాంటి పేట ఎలా బతుకుతోందో జనగణన పట్టిక చూసి తేల్చబోతే పొరబడతాం. పట్టికలో ఉండేది రెవెన్యూ గ్రామం, పేట కాదు. గిరిజనులు ఎందరో తెలుస్తుంది గానీ, పనుల గడుల్లో ఊరంతా కలిసిపోతుంది. నిరక్షరాస్యుల గడిలో ఆరేళ్లలోపు పిల్లలు కూడా ఉంటారు. వాళ్లను తీసేయకుండా చదువు లెక్క కట్టకండి.

అసలు చిక్కు పనుల దగ్గర. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పనిచేస్తే ప్రధాన కార్మికుడు, తక్కువైతే ఉపాంత కార్మికుడు. పనులు నాలుగే: సేద్యం, వ్యవసాయ కూలి, ఇంటి పరిశ్రమ, ఇతరులు. 1991లో తొమ్మిది రకాలుండేవి. పశువులు, అడవి, చేపలు, వేట, తోటలు కలిపి ఒక గడి. 2001 నుంచి అదీ 'ఇతరులు'లో కలిసింది. బస్సు డ్రైవరూ చేపలు పట్టేవాడూ ఒకే గడిలో!

వరికోత అయ్యాక వీళ్లు ఎలుకలు పట్టే పని చూడండి. కలుగుకు నోళ్లు చాలా ఉంటాయి. అన్నీ వెతికి మట్టితో మూయాలి. పల్చటి మట్టిపొర కింద దొంగదారి ఒకటి ఉంటుంది. అది కంటపడకపోతే పెట్టిన పొగంతా దండగ. అడుగున చిల్లున్న కుండలో గడ్డి రాజేసి, మూతిని కలుగుకు ఆనించి, చిల్లులోంచి నోటితో ఊదుతారు. పొగ వెనక్కి తన్ని ఊదేవాడి కళ్లూ గొంతూ మండుతాయి. తవ్వితే ఎలుకతోబాటు అది దాచుకున్న వడ్లూ దొరుకుతాయి. రైతు డబ్బిస్తే ఇది వ్యవసాయ కూలి కావచ్చు. ఇంటి కూరకైతే ఎవరు రాస్తారు?

సంఘానికి తెచ్చేవి నాలుగు రకాలు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. ఇసుక వేసిన కుండలో పామును ఉంచి మూతికి గుడ్డ కడతారు. వారానికోసారి విషం తీసి, మూడు నాలుగు వారాలకు పొట్టమీది పొలుసు కొద్దిగా కత్తిరించి వదిలేస్తారు, మళ్లీ దొరికితే ఆనవాలు తెలియడానికి. ఎన్ని పట్టాలో అటవీశాఖ చెబుతుంది. అనుమతి ఆలస్యమైతే అన్నాళ్లూ రాబడి లేదు.

పొంగల్ దాటాక చాలామంది అడ్వాన్సు తీసుకుని ఇంటిల్లిపాదీ ఇటుక బట్టీలకు పోతారు. 2011లో జనాన్ని లెక్కించింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. బట్టీ దగ్గరున్నవాళ్లు బట్టీ ఉన్న ఊరి లెక్కలో పడతారు, సొంత పేట బక్కచిక్కుతుంది.

పేటకు వెళ్లినవాళ్లు "ఏం పని చేస్తారు?" అని అడిగితే "కూలి" అన్న ఒక్క మాటే వస్తుంది. అందుకే తమిళుల తై నెలలో (జనవరి-ఫిబ్రవరి) ఏం చేశారు, ఆడిలో (జులై-ఆగస్టు) ఏం చేశారు, వానల్లో చేపలకు ఎన్నాళ్లు పోయారు అని నెల నెలా అడిగి రాసుకోవాలి. తాళం పడిన ఇళ్లవాళ్లు ఏ బట్టీలో ఉన్నారో పక్కింటివాళ్లను అడగాలి. రాబోయే జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1. అప్పటికీ బట్టీల్లో ఇటుకలు కోస్తూనే ఉంటారు.